ఇంటి ఖర్చుల షీట్: మే నెలలో తొమ్మిది అద్దెలు

మూడు రాత్రులు పట్టింది. తప్పెక్కడుందో దొరికింది గానీ చిరాకు మాత్రం ఇంకా పోలేదు.

2024-25 బ్యాంకు స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలు) దించుకుని, డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిచి, సమ్‌ఇఫ్స్‌తో (షరతుకు సరిపోయిన వరుసలను మాత్రమే కూడే ఫార్ములా) నెలవారీ మొత్తాలు తీశాను. ఏడాది ఖర్చు సగం కూడా తేలలేదు. అద్దె వరుసైతే మరీ వింత: మే నెలలో 1,26,000, మిగతా పదకొండు నెలలూ సున్నా. మా అద్దె 14,000, ప్రతి నెలా 5న వెళ్తుంది. మా ఆవిడ తొంగి చూసి, "మే నెలలో తొమ్మిది ఇళ్లు అద్దెకు తీసుకున్నారా ఏంటండీ?" అంది.

మొదటి అనుమానం కనిపించని స్పేసుల మీద. వాటిని తీసేసే ట్రిమ్ ఫార్ములా వేశా, లాభం లేదు. తేదీ కాలమ్‌కి, ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే లెన్ వేస్తే కొన్ని వరుసల్లో 10, కొన్నింట్లో 5 వచ్చింది. అక్కడ బల్బు వెలిగింది. 10 వచ్చినవి ఉత్త అక్షరాలు, 5 వచ్చినవి ఎక్సెల్ తేదీగా మార్చేసుకున్న సీరియల్ నంబర్లు, అంటే లోపల తేదీని దాచుకునే రోజుల లెక్క. ఏప్రిల్ 5, 2024 అంటే 45387 ఉండాలి. నా షీట్‌లో 45416 ఉంది, అంటే మే 4!

కొత్త లాప్‌టాప్‌లో విండోస్ రీజియన్ అమెరికా అని ఉంది. అందుకే బ్యాంకు రోజు ముందు రాసిన తేదీల్లో ఎక్సెల్ నెలను ముందు చదివింది. 13 నుంచి 31 వరకు ఉన్న తేదీలు నెలగా కుదరక అక్షరాలుగా మిగిలాయి, సమ్‌ఇఫ్స్ వాటిని లెక్కలోకే తీసుకోలేదు. ఏడాదిలో అలాంటివి 221 రోజులు. మిగతా 144 రోజుల్లో 1/1, 2/2 లాంటి 12 మాత్రమే అదృష్టం కొద్దీ సరిగ్గా ఉన్నాయి, 132 తారుమారు. 5వ తేదీ అద్దెలన్నీ మేలో చేరింది అందుకే. జనవరి నుంచి మార్చి దాకా ఉన్న మూడూ ఏకంగా 2025 మేకి ఎగిరిపోయాయి. తెర మీద 5/4/2024 అని కనిపిస్తుంటే ఏప్రిల్ 5 అనే కదా చదువుకుంటాం!

ఫార్మాట్ మార్చి చూశా, అది పైపూతే. తర్వాత లెఫ్ట్, మిడ్, రైట్ ఫార్ములాలతో తేదీని ముక్కలు కోసి, వాటిని తేదీగా కలిపే డేట్ ఫార్ములాలో పెట్టా. అక్షరాల వరుసలు బాగుపడ్డాయి. కానీ 45416ని కూడా అలాగే కోసేసరికి 5416వ సంవత్సరం, 16వ నెల, 45వ రోజు అయింది. ఎక్సెల్ ఏమాత్రం తొణక్కుండా 5417 మే 15 అని చూపించింది. ఆ అద్దె మా మునిమనవలు కట్టుకోవాలేమో!

అంకె అయితే రోజునీ నెలనీ అటూ ఇటూ మార్చు, అక్షరమైతే కోయి అని ఇఫ్ ఫార్ములాతో షరతు పెడితే పని జరిగింది. కానీ అతుకుల బొంత నాకు నచ్చలేదు. రీజియన్ ఇండియాకి మార్చా (సేవ్ చేసిన పాత ఫైలు దీనితో బాగుపడదు), అసలు సీఎస్‌వీని పవర్ క్వెరీలో (ఎక్సెల్‌లోనే ఉండే, డేటా తెచ్చుకునే సాధనం) లొకేల్, అంటే ఏ దేశపు తేదీ పద్ధతో, చెప్పి మళ్లీ తెచ్చుకున్నా. కాలమ్‌లో ఉన్నది అక్షరమా తేదీనా అని ఊహించి అది తనంతట తాను పెట్టే టైప్ మార్పు స్టెప్‌ను ముందు తీసేయాలి. ఈ విషయంలో లిబ్రె ఆఫీస్ నయం, సీఎస్‌వీ తెరిచేటప్పుడే ఏ కాలమ్ ఏమిటో అడుగుతుంది. గూగుల్ షీట్స్ ఫోన్‌లో చిల్లర ఖర్చు రాసుకోవడానికి సుఖం, అంతకుమించి నాకు అక్కర్లేదు.

ఎక్స్‌లుకప్‌తో (ఒక పట్టికలో వెతికి జత విలువ తెచ్చే ఫార్ములా) ఖర్చుల కేటగిరీలు మొదటిసారే కుదిరాయి.

వచ్చే ఆదివారం స్టేట్‌మెంట్లన్నీ ఒకే ఫోల్డర్‌లో పడేసి పవర్ క్వెరీతో కలపాలి. యూపీఐ వివరాల్లోంచి పాలు, కూరగాయలు విడదీయడం ఎలాగో కూడా చూడాలి. మా పాలవాడికి మూడు క్యూఆర్ కోడ్‌లున్నాయి, మూడూ మూడు పేర్ల మీద.