శ్రీశైలం దారిలో ఒక పసుపు లైటు

మల్లన్న దర్శనం బాగా జరిగింది. కాటేజీ కోసం తిరిగిన తిరుగుడు, కొబ్బరికాయ ధర సంగతి ఇంకోసారి రాస్తాను. ఈసారి నా మనసులో మిగిలిపోయింది తిరుగు ప్రయాణంలో ఒక గంట.

వెళ్లేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి దిగాక డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. డీపీఎఫ్ లైటు, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ది. నా గుండె జారిపోయింది. అంతకు నెల ముందే ఇలా వెలిగితే సిటీలో ఒక సర్వీస్ సెంటర్‌లో చూసీ చూడగానే ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుంది అన్నారు. బయట ఇంకో షెడ్డులో అయితే తీసి పారేద్దాం, లైటు రాకుండా కంప్యూటర్‌లో మార్చేస్తాం అన్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. మా అమ్మకు ఆస్తమా. పొగ ఎవరి ఊపిరిలోకి వెళ్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అడవిలో ఎలాగూ నెమ్మదిగానే పోవాలి. ఆగుదామంటే రోడ్డు పక్కన మోకాలెత్తు ఎండుగడ్డి, రాలిన టేకాకులు. అలాగే టెన్షన్‌తో శ్రీశైలం చేరాం. మర్నాడు తిరుగు దారిలోనూ లైటు పోలేదు. అడవి దాటి హాజీపూర్ చౌరస్తాకి రాగానే ఒక చిన్న షెడ్డు ముందు ఆపాను.

పాతికేళ్ల కుర్రాడు. బానెట్ ఎత్తమంటాడనుకుంటే ముందు డీజిల్ ముల్లు చూశాడు.

"రిజర్వ్‌ల ఉంది గదన్నా! ఇట్లుంటే చానా బండ్లల్ల రీజెనరేషన్, అంటే ఫిల్టర్‌ల మసి కాలుడు, మొదలే కాదు. ఫస్టు డీజిల్ కొట్టియ్యండి."

రోజూ బండి ఎంత దూరం నడుస్తుందని అడిగాడు. నిజాంపేట నుంచి మియాపూర్ ఆఫీసుకి, అంతే. నాలుగు కిలోమీటర్లు, అందులో సగం సిగ్నల్ దగ్గరే. అదే రోగం అన్నాడు. ఆ ఫిల్టర్ తేనెపట్టులాంటి పింగాణీ గూళ్లు. ఇంజిన్ పొగలోని మసి అందులో ఆగుతుంది. అది కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అందుకోసం బండి తనంతట తానే కొంచెం డీజిల్ ఎక్కువ చల్లుకుని వేడి పెంచుకుంటుంది. మనమేమో మధ్యలో ఇంటికొచ్చి తాళం తిప్పేస్తాం. కాలకుండా మిగిలిన డీజిల్ కారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూపించాడు. ఆయిల్ పై గీత దాకా వచ్చి ఉంది, డీజిల్ వాసన. గీత దాటలేదు కాబట్టి ఇంటిదాకా ఫరవాలేదు, చేరగానే మార్పించమన్నాడు. అదీ తక్కువ బూడిద వచ్చే సీ3 రకమే పోయించాలట. మసి కాలుతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, గూళ్లలోనే పేరుకుంటుంది. పోయినసారి డబ్బు మిగులుతుందని మామూలు ఆయిల్ పోయించింది నేనే.

"లైటు నిలకడగ ఉన్నప్పుడు నడిపితే పోతదన్నా. మిణుకుమిణుకుమన్నదంటే స్కానర్ పెట్టాలె. డెబ్బైల పొండి, ఒక గేరు తక్కువల. రెండువేల ఆర్‌పీఎమ్ కింద పడనియ్యొద్దు. మధ్యల బంద్ చెయ్యొద్దు. ఎండుగడ్డి మీద అసలే ఆపొద్దు, అంటుకుంటది."

వంద రూపాయలు తీసుకున్నాడు. ఎక్కువ ఇస్తే వద్దన్నాడు.

డీజిల్ కొట్టించి బయల్దేరాం. ఎదురుగా వచ్చే బస్సులు, మేకల మందలు, స్పీడ్ బ్రేకర్లు. సగటున డెబ్బై పట్టుకోవడం ఎంత కష్టమో ఆ రెండు వరసల రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. డిండి చెరువు కనబడగానే అమ్మ "ఆపరా, టీ తాగుదాం" అంది. ఇంకో పది నిమిషాలమ్మా అన్నాను. మైలేజీ అంకె ఒక్కసారిగా సగానికి పడిపోయింది, కాలిన వాసన కూడా వచ్చింది. లోపల మసి కాలుతోందని అప్పుడు ధైర్యం వచ్చింది. వెల్దండ దాటాక ఒక మలుపులో చూస్తే పసుపు లైటు లేదు.

ఆమనగల్లులో టీ తాగాం. నాన్న పాత జీపు గుర్తొచ్చింది. ఇదే దారిలో ఘాట్ ఎక్కుతుంటే నల్లటి పొగ, అమ్మ కొంగు ముక్కుకు అడ్డం. 2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త డీజిల్ కార్లకు ఈ ఫిల్టర్ తగిలింది. బరువే, ఖర్చే. అయినా నాకు కావాలి.

మర్నాడు పొద్దున సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు తెల్లగుడ్డ లోపల తిప్పి అమ్మకు చూపించాను. బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు.

"మీ నాన్న జీపుకైతే చొక్కా కాలరే నల్లబడేది" అంటూ గుడ్డ ఉతకడానికి తీసుకెళ్లింది.

ఈ ఆదివారం ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లొస్తాం. అమ్మ కూడా వస్తానంది.