పని చూసి జీతం ఇస్తారట!

కేంద్ర ఉద్యోగుల జీతాలు సవరించే 8వ పే కమిషన్ మాట మొదలైన దగ్గర్నుంచి మా క్యాంటీన్‌లో ఫిట్‌మెంట్ (పాత జీతం ఎన్ని రెట్లవుతుందన్న లెక్క) ఎంత, అరియర్స్ (పాత బకాయిలు) ఎప్పుడు అన్న గోలే. నా టెన్షన్ వేరు. పని బాగా చేసేవాళ్లకే ఎక్కువ జీతం అన్న పాట మళ్లీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. కొత్తదేం కాదు, 2008లో జస్టిస్ శ్రీకృష్ణ గారి 6వ కమిషన్ చెప్పింది, 2015లో జస్టిస్ మాథుర్ గారి 7వ కమిషన్ కూడా చెప్పింది. చేసేవాడికీ చేయనివాడికీ అదే 3 శాతం ఇంక్రిమెంటు ఏంటని నాకూ ఒళ్లు మండుతుంది. కానీ పని చేశాడో లేదో తేల్చేదెవరు?

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో దానికి ఏపీఏఆర్ అని ఏటా రాసే పనితీరు రిపోర్టు ఉంది. ఏడాదిలో ఏం చేశామో మనం రాసుకుంటాం, పై అధికారి 10కి మార్కులు వేస్తారు. 6 వస్తే వెరీ గుడ్, కాస్త తగ్గితే ఉత్త గుడ్. ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసుకి జీతం పెంచే ఎంఏసీపీకి 2016 నుంచి వెరీ గుడ్ ఉండాల్సిందే అన్నారు కాబట్టి, 6.1కీ 5.8కీ ఉన్న తేడా నెలనెలా జీతంలో తెలుస్తుంది. ఆ కాస్త ఎక్కడ తగ్గిందని అడిగి చూడండి, వేసినాయనకే గుర్తుండదు.

మా పాత సెక్షన్‌లో ఒక మేడమ్ ఆర్టీఐ జవాబులు, కోర్టు కేసుల ఫైళ్లు చూసేవారు. గడువులోపు ఎన్ని పంపినా ఎవరికీ పట్టదు, ఒక్కటి ఆలస్యమైతే మాత్రం మెమో. పక్క సీటాయన సారు మీటింగులకి పవర్‌పాయింట్లు చేసిపెట్టేవాడు, టూరుకెళ్తే టికెట్లు, గెస్ట్‌హౌస్ కూడా ఆయనే చూసుకునేవాడు. ఎవరికి ఎక్కువ మార్కులొచ్చాయో చెప్పక్కర్లేదుగా. ఆ సారు చెడ్డాయనేం కాదు, రోజూ కళ్లెదురుగా కనబడిన పనికి మార్కులేశారు, అంతే. ఇక కావాలనే మనవాడు, మన ఊరివాడు, మన కులంవాడు అని చూసేవాళ్ల సంగతి చెప్పేదేముంది.

ప్రైవేటులో లేదా అంటారు. ఉంది, కాకపోతే అక్కడ ఓనరు భజనపరుడికి బోనస్ ఇస్తే పోయేది ఆయన డబ్బే. ఇక్కడ అత్త సొమ్ము అల్లుడు దానం.

2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు, గ్రేడింగ్ ఏదైనా సరే ఉద్యోగికి చెప్పి తీరాలంది. బోర్డర్ రోడ్స్ ఇంజనీరు ఆయన, ఒక్క ఏడాది పడిన 'గుడ్' ప్రమోషన్‌కి అడ్డుపడింది, అది పడినట్టు కూడా ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు చూపిస్తున్నారు, 15 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. కానీ అదే సారు కింద ఇంకో రెండేళ్లు చేయాల్సినవాడు ఎదురు అర్జీ పెడతాడా? లీవు కోసం కూడా ఆయన దగ్గరికే వెళ్లాలి కదా.

పనికి తగ్గ డబ్బు ఇవ్వాలనే ఉంటే రైల్వేలో దసరా బోనస్ ఉండనే ఉంది. సంస్థ మొత్తం చేసిన పనిని లెక్కగట్టి, అర్హత ఉన్న నాన్‌గెజిటెడ్ (పెద్ద అధికారులు కాని) సిబ్బందికంతా ఒకే లెక్కన ఇస్తారు, కొన్నేళ్లుగా 78 రోజుల జీతం కింద గరిష్ఠంగా 17,951 రూపాయలు. అందులో సోమరిపోతులూ తింటారు, నిజమే. నాకది పర్లేదు, సారుకి టికెట్లు బుక్ చేసినందుకు ఇచ్చేదానికన్నా నయం.

మనిషి మనిషికీ వేరుగా ఇచ్చి తీరతామంటే, ముందు సెక్షన్‌లో ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో, దేనికొచ్చాయో నోటీసు బోర్డు మీద పెట్టమనండి. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.