గొర్రె మెడ దగ్గర మొదలైన వర్రీ

ఇంగ్లండ్ ఉత్తరపు కొసన, కార్లైల్ దగ్గర ఒక ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. గొర్రెలు ఈనే రోజుల్లో ఇక్కడ పొలాల గేట్ల మీద బోర్డులు కనిపిస్తాయి. కుక్కని తాడుతో పట్టుకుని నడవండి, గొర్రెల్ని "వర్రీ" చేయడం నేరం అని. గొర్రె బెంగ పెట్టుకుంటుందని కాదు దీని అర్థం. 1953 నాటి చట్టంలోనే ఈ మాట ఉంది. కుక్క గొర్రెల మీద పడినా, దెబ్బ తగిలేలా, చూడి పోయేలా తరిమినా వర్రీ కిందికే వస్తుంది. గొర్రెలు మేసే చోట అదుపు లేకుండా తిరిగినా అంతే. ఇక్కడికి కాస్త దూరంలో సరిహద్దు దాటి స్కాట్లండ్‌లోకి వెళ్తే 2021 నుంచి దీనికి 40,000 పౌండ్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు.

మా వార్డుకి వచ్చే ముసలి రైతులకి ఇది మామూలు మాట. మోకాలి ఆపరేషన్‌కి వచ్చిన ఒకాయన "ఆదివారం నా గొర్రెల్లో రెంటిని వర్రీ చేశారమ్మా" అన్నాడు. ఎవరూ అని అడిగితే "ఎవరిదో హస్కీ కుక్క" అని జవాబు. నేను బీపీ పట్టీ చుడుతూ, ఆపరేషన్ గురించి వర్రీ కాకండి అన్నాను. ఆయన వాడినది అసలు అర్థం, నేను వాడినది నిన్న మొన్నటిది.

అసలు అర్థం ఎంత పాతదంటే, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ క్రియ "విర్గన్". అర్థం ఒక్కటే, గొంతు పిసికి చంపడం. జర్మన్ వాళ్లు ఇప్పటికీ ఆ అర్థాన్ని వదల్లేదు. వాళ్ల "వ్యుర్గెన్" అంటే గొంతు నులమడమే. కొండచిలువ లాంటి, చుట్టుకుని చంపే పాముల్ని వాళ్లు "వ్యుర్గెష్లాంగె" అంటారు. అదే క్రియ ఇంగ్లీషులో మాత్రం ఉద్యోగం మారుతూ వచ్చింది.

మధ్యయుగాల్లో దీని స్పెల్లింగ్ ఎవరి ఇష్టం వాళ్లది. విరియెన్, వెరియెన్, వొరొవెన్, ఇలా ఊరికో రకం. గొంతు పిసకడం అనే అర్థం ఇంకా ఉంది గానీ, పిసికేది మనిషి చేతులే కానక్కర్లేదు. ముద్ద గొంతుకి అడ్డం పడి ఊపిరాడకపోయినా ఈ మాటే. తోడేలు గొర్రె మెడ పట్టి విదిలించినా ఈ మాటే. అప్పటి ఇంగ్లండ్ సంపద చాలా వరకు ఉన్నిలో ఉండేది కాబట్టి, రెండో అర్థమే నిలబడింది అంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

14వ శతాబ్దం చివర్లో ఎవరో పేరు తెలియని కవి, ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు సర్ గవైన్ కథ రాశాడు. దాని చేతిరాత ప్రతి లోకంలో ఒక్కటే ఉంది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో. 1731లో, అప్పట్లో అది ఉన్న పుస్తకాల భాండారానికి నిప్పంటుకున్నా అది బతికిపోయింది. అందులో మూడో రోజు నక్క వేట వస్తుంది. వేటకుక్కలన్నీ కోపంగా అరుస్తూ నక్క మీద పడిపోతాయి. అక్కడ కవి వాడిన క్రియ మన వర్రీయే. నక్క మానసిక స్థితికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

నన్ను ఎక్కువ కుదిపేసింది మాత్రం స్కాట్లండ్ సంగతి. అక్కడ ఈ మాట "విర్రీ"గా మారి కోర్టు భాషలోకి ఎక్కింది. 1563 చట్టం ప్రకారం మంత్రగత్తె అన్న నేరం రుజువైతే మరణశిక్ష. శిక్ష రాసేటప్పుడు వాడే వాక్యం దాదాపు ఒకేలా ఉండేది: గుంజకి కట్టి, ప్రాణం పోయేదాకా "విర్రీ" చేసి, ఆపైన ఒళ్లు బూడిదయ్యేలా కాల్చాలి. బతికుండగా కాల్చకుండా ముందు గొంతుకి తాడు బిగించడమే వాళ్ల దృష్టిలో దయ.

అలా పోయినవాళ్లలో ఆగ్నెస్ శాంప్సన్ ఒకరు. ఎడిన్‌బరోకి తూర్పున ఉన్న పల్లెల్లో పురుళ్లు పోసేది, జబ్బులకి వైద్యం చేసేది. 1590లో స్కాట్లండ్ రాజు ఆరవ జేమ్స్ కొత్త పెళ్లికూతురు ఆన్‌తో డెన్మార్క్ నుంచి సముద్రం మీద వస్తూ తుఫాన్లలో చిక్కుకున్నాడు. ఆ తుఫాన్లు మంత్రగత్తెలు లేపినవని అనుమానం. ఎడిన్‌బరోలోని హోలీరూడ్ కోటలో రాజు స్వయంగా ఆమెని విచారించాడు. 1591 జనవరిలో శిక్ష పడింది, ఎడిన్‌బరో కోట కొండ మీద అమలు చేశారు.

ఆమె మీద మోపిన అభియోగాల్లో తుఫాను కంటే వైద్యం ఎక్కువ. ఫలానా ఆవిడ జబ్బు ప్రార్థనతో తగ్గించింది, ఫలానా ఆయన బతకడని ముందే చెప్పింది, ఇలాంటివి. ఈ రెండోది చదివి కాసేపు ఊరుకున్నాను. ఏళ్ల తరబడి వార్డులో ఉన్న ఏ నర్సుకైనా తెలుస్తుంది, గది గుమ్మంలోంచి చూస్తే చాలు, ఈ మనిషికి ఇంక రోజులు లేవని. డాక్టర్లు కూడా మమ్మల్ని పక్కకి పిలిచి అడుగుతారు. నాలుగు వందల ఏళ్ల కిందట దానికి శిక్ష, వర్రీ.

ఆ కాలానికే ఇంగ్లండ్‌లో మాట కాస్త మెత్తబడడం మొదలైంది. పళ్లు అక్కర్లేదు, వెంటపడి వేధించినా చాలు. మన "పీక్కుతినడం" సరిగ్గా ఇదే దారిలో వచ్చింది. కుక్కలూ పీక్కుతింటాయి, అప్పులవాళ్లూ పీక్కుతింటారు, మా చిన్నోడు ట్యాబ్ కోసం రోజూ నన్ను పీక్కుతింటాడు. అయినా పాత అర్థం వెంటనే చావలేదు. షేక్‌స్పియర్ మూడో రిచర్డ్ నాటకంలో రాణి మార్గరెట్, రిచర్డ్‌ని గొర్రెపిల్లల్ని వర్రీ చేసే కుక్క అని తిడుతుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో రెండే అర్థాలు ఇచ్చాడు. మృగం వేటని చీల్చినట్టు చీల్చడం ఒకటి, క్రూరంగా వేధించడం రెండోది. దిగులు అన్న ఊసే లేదు.

దిగులు అర్థం 19వ శతాబ్దంలో గానీ కుదురుకోలేదు. ఇక్కడే నాకు ఆసక్తిగా అనిపించే మలుపు ఉంది. అప్పటిదాకా ఈ క్రియకి ఇద్దరు కావాలి. పట్టేది ఒకరు, మెడ ఇంకొకరిది. తోడేలు గొర్రెని, కుక్కలు నక్కని, తలారి ఆగ్నెస్‌ని. మొదట "నన్ను ఫలానా విషయం వర్రీ చేస్తోంది" అన్నారు, తర్వాత ఆ విషయాన్ని కూడా తీసేసి "నేను వర్రీ అవుతున్నా" అన్నారు. తోడేలు వాక్యంలోంచి వెళ్లిపోయింది, గొర్రె ఒక్కటే మిగిలి తన పని తనే చేసుకుంటోంది. తెనాలి నుంచి మా అమ్మ రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి "నువ్వు ఎత్తకపోతే నాకు ఒకటే వర్రీ" అంటుంది చూడండి, అది పూర్తిగా ఈ కొత్త రకం.

విక్టోరియా కాలం వాళ్లే దీన్ని ఎందుకు ఇలా తిప్పారు అంటే రైళ్లు, టెలిగ్రాములు, బ్యాంకులు అని రకరకాలుగా చెప్పుకోవచ్చు. నాకు అవేవీ అంతగా నమ్మబుద్ధి కాదు. దిగులు పడితే గొంతు బిగుసుకుంటుంది, ముద్ద దిగదు, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఇది ఏ శతాబ్దంలోనైనా ఉన్నదే. మాట వేరే దారిలో తిరిగి తిరిగి, మళ్లీ గొంతు దగ్గరికే వచ్చిందని నా లెక్క.

లాటిన్ వాళ్లు మొదటి నుంచీ అక్కడే ఉన్నారు. వాళ్ల "ఆంగెరె" అంటే నొక్కడం, గొంతు పిసకడం. యాంగ్జైటీ దాని సంతానమే. జర్మన్ "ఆంగ్స్ట్" దాని బంధువు. వేదాల్లో కష్టం, ఇరుకు అనే అర్థంలో వచ్చే "అంహస్" కూడా ఆ కుటుంబమే. తెలుగు నిఘంటువుల్లో "అంహస్సు" పాపం అనే అర్థంతో ఇప్పటికీ ఉంది, వాడేవాళ్లే లేరు. గుండె నొప్పికి మేం రాసే ఆంజైనా కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. మా ఆస్పత్రి కార్డియాలజీ వార్డులో చాలా చార్టుల మీద ఆంజైనా, దాని కిందే యాంగ్జైటీ అని ఉంటాయి. మాటల లెక్కన చూస్తే అది ఒకే జబ్బుని రెండుసార్లు రాయడం. మందులు మాత్రం వేరు.