బ్రదర్‌ను పిలువు

నర్సింగ్ కాలేజీలో మన బ్యాచ్‌లో మగపిల్లలమంతా కలిస్తే ఒక బెంచీ నిండేది కాదు. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదువుతున్నానంటే ఊళ్లో "కంపౌండర్ అయితవా?" అనేవాళ్లు. వాదన ఎందుకని బాపు అవుననేవాడు.

ఉద్యోగంలో చేరాక తెలిసింది, మగ నర్సంటే ముందు కండబలమేనని. క్యాజువాలిటీ, ఆర్థో, సైకియాట్రీ తిప్పి తిప్పి వేసేవాళ్లు. తాగొచ్చినోణ్ని పట్టుకోవాలన్నా, కాలు విరిగినోణ్ని ట్రాలీ మీదికి ఎత్తాలన్నా, పేషెంటు తాలూకు వాళ్లు గొడవకు దిగినా "బ్రదర్‌ను పిలువు" అనేవాళ్లు. కొన్నాళ్లు గర్వంగానే ఉండేది, తర్వాత విసుగొచ్చింది.

వరంగల్ చుట్టుపక్కల పనిచేసిన వాళ్లకు పురుగుల మందు కేసుల గురించి చెప్పక్కర్లేదు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కిస్తూ కంటిపాప, నాడి, నోటి తడి, ఛాతీలో గురగుర మాటిమాటికీ చూడాలి. మోతాదు మించితే ఒళ్లు కాలిపోతుంది, మనిషి ఏదేదో మాట్లాడతాడు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పత్తిరైతు అర్ధరాత్రి దుప్పటి మీద వేళ్లతో ఏదో ఏరుతూ, ఏరింది పక్కకు వేస్తున్నాడు. "మూట కట్టుండ్రి, పొద్దుగాల్నే ఎనుమాముల మార్కెట్‌కు పోవాలె" అంటున్నాడు. సెలైన్ పీకేస్తాడేమోనన్న భయంతో చేతులు కట్టెయ్యమని కొడుకే అడిగాడు. డ్యూటీ డాక్టర్‌ను లేపుకొచ్చాను, అట్రోపిన్ డ్రిప్ తగ్గించారు. కట్టలేదు. సూది ఉన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, రెండో చెయ్యి తెల్లారేదాకా పత్తి ఏరుతూనే ఉంది. మర్నాడు ఆయనకేమీ గుర్తులేదు, మంచినీళ్లు అడిగాడు. అప్పట్నుంచి ఎవర్నైనా కట్టెయ్యమంటే ముందు ఏ మందు ఎంత ఎక్కిందో చూడటానికి చార్టు అడుగుతున్నాను.

ఆడవాళ్ల వార్డు సంగతి వేరు. ఈసీజీ తీయబోతే ములుగు నుంచి వచ్చిన ఒక అవ్వ "ఆడపిల్లను తోలు బిడ్డా" అన్నది. కొందరు బ్రదర్లు దీన్ని అవమానంగా తీసుకుంటారు, నాకైతే అలా అనిపించదు. అడిగే హక్కు ఆమెది. తెర లాగి, సిస్టర్‌ను పిలిచి, నేను బయట నిలబడ్డాను.

2019లో ఎయిమ్స్ నర్సు పోస్టుల్లో మగవాళ్లకు 20 శాతమే అన్నప్పుడు మన వాట్సాప్ గ్రూపు భగ్గుమన్నది గుర్తుందా? నా కోపం లెక్క మీద కాదు, సేవ ఆడవాళ్లకే వస్తుందన్న నమ్మకం మీద.

మొన్న మన కాలేజీ పిల్లలు ఇద్దరు కొత్తగా చేరితే, పిల్లల వార్డులో వెయ్యమని అడిగాను. "ఏడ్చే పిల్లల్ని వీళ్లు ఊకోబెడతరా?" అన్నది ఇన్‌ఛార్జి మేడం. అందులో ఒకడు అక్క పిల్లల్ని ఎత్తుకుని పెరిగినవాడు. ఆ మాట చెప్పాక ఒప్పుకున్నది, నైట్ డ్యూటీకి మాత్రమే.