రాయుడి పస్తు

ఈ వారం నుంచి రాయుడికి తిండి బంద్.

రాయుడంటే మా తాబేలు. హార్స్‌ఫీల్డ్ జాతి, మధ్య ఆసియా గడ్డి మైదానాల జీవి. బరువు 840 గ్రాములు, పంతం మాత్రం ఏనుగంత. చలి మొదలవుతోంది కాబట్టి శీతనిద్రకి, అంటే చలికాలంలో తిండీ కదలికా లేకుండా పడుకునే నిద్రకి, సిద్ధం చేస్తున్నాం. ఈ సంగతి చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, "ఫ్రిజ్‌లో పెడతారటగా, నిజమేనా?" అని. నిజమే. కాకపోతే ఫ్రిజ్‌లో పెట్టడం ఐదు నిమిషాల పని. దానికి ముందు నడిచే వారాలదే అసలు తతంగం. అందులోనూ ఈ పస్తు పెట్టడం ఉందే, అది తాబేలుకంటే ఇంట్లోవాళ్ళకి పెద్ద పరీక్ష.

ముందుగా ఒక మాట. అన్ని తాబేళ్ళూ ఇలా పడుకోవు. హార్స్‌ఫీల్డ్, హెర్మన్, గ్రీకు తాబేలు, మార్జినేటెడ్ లాంటివి పడుకుంటాయి. చలికాలం గట్టిగా ఉండే చోట్ల పుట్టిన జాతులవి. మన నక్షత్ర తాబేలు, ఆఫ్రికా సల్కాటా, లెపర్డ్, దక్షిణ అమెరికా ఎర్రకాళ్ళ తాబేలు పడుకోవు. వాటిని చలిలో పెడితే నిద్రపోవు, జబ్బుపడి చచ్చిపోతాయి. మీ దగ్గరున్నది ఏ జాతో కచ్చితంగా తెలియకపోతే ఇక్కడితో ఆగిపోయి, ముందు అది తెలుసుకోండి. కొత్తగా ఇంటికొచ్చిన తాబేలునైతే, జాతి తెలిసినా సరే, ఆ ఏడాది నిద్రపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దాని ఒంటి తీరు మనకింకా తెలియదు కదా.

డాక్టర్ దగ్గరికి ఆరు వారాల ముందే వెళ్ళొచ్చాం. సరీసృపాలను చూసే డాక్టరై ఉండాలి. అంతకుముందు ఒకాయన రాయుణ్ణి తిరగేసి చూసి "చిప్ప గట్టిగానే ఉందిగా, ఇంకేం కావాలి" అని పంపించేశారు. ఇప్పటి డాక్టరమ్మ మాత్రం నోరు తెరిపించి చూశారు, ముక్కులో బుడగలేమైనా వస్తున్నాయా అని కాసేపు ఆగి మరీ గమనించారు, కళ్ళ వెనక చెవి దగ్గరి చర్మం చదునుగా ఉందో లేదో వేలితో తడిమారు. అక్కడ ఉబ్బితే లోపల చీము పట్టిందని అర్థమట. మలం పరీక్షకి పంపారు, పురుగులున్నాయేమో అని. ఇంత హడావుడి దేనికంటే, ఒళ్ళు చల్లబడ్డాక తాబేలు రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోతుంది. చిన్న జలుబుతో పడుకున్న తాబేలు న్యుమోనియాతో లేవచ్చు, అసలు లేవకపోనూవచ్చు. ఏమాత్రం అనుమానం ఉన్నా ఆ చలికాలమంతా వేడినిచ్చే కరెంటు దీపం కింద మెలకువగానే ఉంచేయాలి. ఒక ఏడాది నిద్రపోనంత మాత్రాన దానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఇక పస్తు సంగతి.

తాబేలుకి సొంత ఒంటి వేడి లేదు. తిన్నది అరగాలంటే బయట వేడి ఉండాలి. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర జీర్ణం దాదాపు ఆగిపోతుంది. అప్పటికి పేగుల్లో ఆకు మిగిలి ఉంటే అది లోపలే కుళ్ళుతుంది, గ్యాస్ పట్టి ప్రాణం మీదికొస్తుంది. అందుకే కడుపు ఖాళీ అయ్యాకే పడుకోబెట్టాలి. చిన్న తాబేలు పిల్లలకి వారం, పది రోజుల్లో అయిపోతుంది. రాయుడి సైజుకి రెండు మూడు వారాలు కావాలి. బాగా పెద్దవాటికి నాలుగు వారాలదాకా పట్టచ్చు. మొదటి వారం, పది రోజులూ దీపం మామూలుగానే వెలగాలి. తిండి ఆపిన రోజే వేడి కూడా తగ్గిస్తే పేగుల్లో ఉన్నది ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

చెప్పడానికి ఇంతే. కానీ రాయుడికి నా అడుగుల చప్పుడు తెలుసు. పొద్దున్నే నేను ఆ గదిలోకి వెళ్ళగానే మెడ సాచి, ముందుకాళ్ళు పెట్టె అంచుకి ఆనించి నిలబడతాడు. ఆకులు పెట్టే నల్లరాతి పలక దగ్గరికి వెళ్ళి దాన్ని వాసన చూసి, మళ్ళీ నా వైపు చూస్తాడు. నేనైతే తల తిప్పుకుని వచ్చేస్తాను. మా అత్తయ్య వల్ల అది కాదు.

"నోరులేని జీవం. ఎదురొచ్చి నిలబడి అడుగుతుంటే ఎలా కాదంటావమ్మా? పాపం తగలదూ?" అని మొదటిరోజు నుంచీ ఒకటే పోరు. కడుపులో తిండి ఉంటే వాడికే ప్రమాదమని చెప్పాను. విన్నారు. తలూపారు. నాలుగు రోజులు గడిచాక ఓ మధ్యాహ్నం పలక మీద డాండిలియన్ అనే ఆకు మొక్క కాడ ముక్క కనబడింది. ఆకు లేదు, కాడే మిగిలింది. రాయుడి మూతికి పచ్చ మరక.

"ఒక్క ఆకేగా!" అన్నారు అత్తయ్య.

"ఒక్క ఆకు అరగాలన్నా వేడి కావాలి అత్తయ్యా, రోజులూ కావాలి. వాడి పస్తు మళ్ళీ మొదటికొచ్చింది. మీరు పెట్టిన ఆకు వల్ల ఇంకో నాలుగు రోజులు ఎక్కువ మాడాలి వాడు."

ఈ లెక్క మాత్రం ఆవిడకి బాగా పట్టింది. ఇప్పుడు పిల్లలెవరైనా ఆకు పట్టుకుని అటు వెళితే ఆవిడే అడ్డం పడుతున్నారు.

ఆవిణ్ణి ఊరడించడానికి ఇంకో కథ కూడా చెప్పాను. 1968 సెప్టెంబరులో సోవియట్ వాళ్ళు జోండ్-5 అనే నౌకను చంద్రుడి చుట్టూ తిప్పి తీసుకొచ్చారు. మనుషులెవరూ చంద్రుడి దాకా వెళ్ళకముందే అందులో వెళ్ళొచ్చినవి రెండు తాబేళ్ళు, రాయుడి జాతివే. ప్రయోగానికి చాలా రోజుల ముందు నుంచే వాటికి తిండి ఆపేశారు. తిరిగొచ్చేసరికి దాదాపు 10 శాతం బరువు తగ్గాయి గానీ హుషారుగానే ఉన్నాయి, ఆకలిగా తిన్నాయి. "వాళ్ళకి బుద్ధి లేకపోతే నీకూ లేదా?" అన్నారు అత్తయ్య. ఆ తర్వాత వాటిని కోసి పరీక్షించారన్న సంగతి నేను చెప్పలేదు.

తిండి ఆపామని నీళ్ళు ఆపకూడదు. నిజానికి ఈ రోజుల్లో నీళ్ళే ముఖ్యం. తాబేలు మూత్రాశయంలో నీళ్ళు దాచుకుంటుంది, నిద్రలో ఆ నిల్వతోనే నెగ్గుకొస్తుంది. అందుకే రోజూ స్నానం. వెడల్పాటి టబ్‌లో గోరువెచ్చని నీళ్ళు, వాడి గడ్డం దాకా, అంతకు మించకుండా. దించిన కొద్దిసేపు అలిగినట్టు కదలడు. తర్వాత తల ముందుకి చాచి, ముక్కుదాకా నీళ్ళలో ముంచి, అలాగే ఉండిపోతాడు. గొంతు కింది చర్మం లోపలికీ బయటికీ కొట్టుకుంటుంటే తాగుతున్నాడని తెలుస్తుంది. చాలాసేపు తాగుతాడు. ఆ తర్వాత వెనక్కాళ్ళు కాస్త లేపి మలం, మూత్రం, దాంతోపాటు తెల్లటి చిక్కటి పదార్థం వదులుతాడు. అవి యూరేట్లు, మూత్రంతో పాటు ఒళ్ళు బయటికి పంపే వ్యర్థ లవణాలు. మెత్తగా జారుడుగా ఉంటే ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్నట్టు. ఇసుకలా గరగరలాడితే నీళ్ళు చాలడం లేదని, నిద్ర వాయిదా వేయాలని. చేతికి గ్లవ్స్ వేసుకుని ఆ తెల్లదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసేదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన ఆ సమయానికి సరిగ్గా ఏదో ఫోన్ కాల్‌లో ఉంటారు.

స్నానాల్లో మలం రావడం తగ్గి, చివరికి నీళ్ళు తేటగా మిగిలితే పేగులు ఖాళీ అయినట్టు లెక్క. అప్పుడిక దీపం వెలిగే గంటలు రోజురోజుకీ తగ్గిస్తాం. గది వేడి 20కి, తర్వాత 15కి, అక్కణ్ణుంచి 10 దగ్గరికి దిగుతుంది. ఈ దశలో ఆకలి దానంతటదే చచ్చిపోతుంది, పలక వైపు చూడను కూడా చూడడు. మూలకి పోయి మట్టి తవ్వుకుంటాడు. ఇక్కడ తాత్సారం పనికిరాదు. 10కీ 15కీ మధ్య వారాల తరబడి ఉంచేస్తే ఇటు నిద్రా కాదు, అటు మెలకువా కాదు. తినడానికి చాలినంత వేడి ఉండదు, ఒంట్లో కొవ్వు మాత్రం కరిగిపోతూ ఉంటుంది. చల్లటి గ్యారేజీలోనో మెట్ల కిందో పెట్టెలో పెట్టేసి వదిలేసేవాళ్ళ తాబేళ్ళకి తరచూ జరిగేది ఇదే. ఎండ కాసిన రోజు 12 డిగ్రీలు, గడ్డకట్టే రాత్రి సున్నా. సున్నాకి దిగితే ముందు దెబ్బతినేవి కళ్ళు. అలా చూపు పోయిన తాబేళ్ళున్నాయి.

ఆ గొడవ లేకుండా ఉండాలనే ఫ్రిజ్. వంటింటిది కాదు, రాయుడి కోసమే ఉన్న చిన్న ఫ్రిజ్, లోపల ఐస్ గది లేనిది. 3 నుంచి 7 డిగ్రీల మధ్య ఉండాలి, 5 అయితే మేలు. 10 దాటితే లేచి కదలడం మొదలుపెడతాడు. ఫ్రిజ్ లోపల తిప్పే చక్రం మీద ఉండే అంకెలు డిగ్రీలు కావని గుర్తుంచుకోండి. అందుకే లోపల సెన్సర్, బయట తెర ఉండే థర్మామీటర్ పెట్టాం. గరిష్ఠం, కనిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే రకం. నిన్న రాత్రి మనం పడుకున్నాక ఎంతకి దిగిందో అది చెప్పాలి. రాయుడు లోపలికి వెళ్ళడానికి రెండు వారాల ముందు నుంచే ఖాళీ ఫ్రిజ్ నడుస్తుంది, నిండుగా నీళ్ళసీసాలతో. సీసాల వల్ల తలుపు తీసినా, కాసేపు కరెంటు పోయినా చల్లదనం ఒక్కసారిగా మారదు. పై అరకీ కింది అరకీ తేడా ఉంటుంది, ఏ అర నిలకడగా ఉందో చూసుకునే పెట్టె అక్కడ పెడతాం. ప్లగ్ దగ్గర "ఇది తీస్తే ఊరుకోను" అని మా అమ్మాయి చీటీ రాసి అంటించింది.

పెట్టె అంటే గాలికి కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. లోపల వాడు పూర్తిగా మునిగేటంత లోతున మట్టి, కొబ్బరిపొట్టు కలిపి, పిడికిట్లో పిండితే నీరు కారనంత తడిగా. మరీ పొడిగా ఉంటే ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది. గాలి మారడానికి రోజూ ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి వేస్తే చాలు. ఊపిరి చాలా నెమ్మదిగా తీసుకుంటాడు గానీ అస్సలు తీసుకోకుండా ఉండడు కదా.

ఇక తూకం. పడుకోబెట్టే రోజు బరువు రాసుకోవాలి, తర్వాత వారానికోసారి. తాబేలు వంటింటి త్రాసు మీద నిలవదు కాబట్టి బోర్లించిన గిన్నె మీద కూర్చోబెడతాను, కాళ్ళు అందక ఊరుకుంటాడు. హెర్మన్, గ్రీకు తాబేళ్ళకి చిప్ప పొడవునీ బరువునీ పోల్చే జాక్సన్ పట్టిక ఒకటుంది. హార్స్‌ఫీల్డ్ గుండ్రటి ఒడ్డూ పొడుగుకి అది కుదరదు. అందుకని వాడి పాత బరువులే నాకు ఆధారం, నోట్‌బుక్‌లో వరసగా ఉన్నాయి. నిద్రలో నెలకి ఒంటి బరువులో ఒక శాతం దాకా తగ్గడం మామూలే. రాయుడికి అది ఎనిమిది గ్రాములు. మొత్తం మీద పది శాతం, అంటే 756కి చేరితే ఇంక ఆలోచించేది లేదు, లేపేయడమే. అంతదాకా రాకపోయినా, ఒక వారంలో ఉన్నట్టుండి ఎక్కువ తగ్గితే ఏదో తేడా ఉన్నట్టే. డబ్బాలో మూత్రం కనిపించినా అదే రోజు లేపాలి. దాచుకున్న నీళ్ళు పోయాయంటే మిగతా నిద్ర ప్రమాదమే.

ఎన్నాళ్ళు పడుకోవాలన్నది వయసుని బట్టి. తాబేలు పిల్లలకి మొదటిసారి మూడు నాలుగు వారాలు చాలు. రాయుడికి మూడు నెలలు అనుకుంటున్నాం. లేపేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి ముందు మామూలు గదిలో కొన్ని గంటలు, తర్వాత దీపం కింద, ఆపైన గోరువెచ్చని నీళ్ళ టబ్. ముందు తాగాలి, తిండి తర్వాత. వారంలోపు తినడం మొదలుపెట్టకపోతే డాక్టరమ్మ దగ్గరికే.

ఆ రోజు మొదటి ఆకు తనే పెడతానని అత్తయ్య ఇప్పుడే చెప్పి ఉంచారు. నీళ్ళు తాగాకే అత్తయ్యా, అన్నాను. "సరేలేమ్మా, ఆ టబ్‌లో నీళ్ళు కూడా నేనే పోస్తాను, నువ్వు పక్కకి తప్పుకో" అన్నారు.