వెయ్యి దగ్గర ఆగిపోయిన శనివారం

పొద్దున్నే ఇంటావిడ తలుపు తట్టింది. కింది అంతస్తులోనే ఉంటుంది, డెబ్బై దాటిన మనిషి, ఇక్కడ పోలండ్‌లో పేరు పెట్టి పిలవకూడదు, "పానీ" అనాలి, మన "అమ్మగారూ" లాంటిదే అనుకోండి. వచ్చే నెల నుంచి అద్దె మూడు వేలు అని నింపాదిగా చెప్పింది. ఇప్పటిదాకా రెండు వేల ఎనిమిది వందలు. బేరమాడదామంటే నా పోలిష్ చాలదు, చాలినా ఆవిడ ముందు నోరు పెగలదు. "ట్షి తిశొంత్సె" అంది. వెయ్యి అయితే తిశొంత్స్, రెండు మూడు నాలుగు వేలయితే తిశొంత్సె, ఐదు వేలకి వచ్చేసరికి "ప్యెంచ్ తిశెంత్సి", అంటే మధ్యలో ఉన్న అచ్చూ మారుతుంది, చివరిదీ మారుతుంది. పోనీలే ఐదుకి పోలేదు కదా అనుకుని తలుపు వేసుకున్నాను.

శనివారం కాబట్టి కూరలకి హాలా తార్గోవాకి వెళ్ళాను. మేముండే ఊరి పేరు పటాల మీద వ్రొత్స్లావ్ అని చదువుతారు, ఇక్కడివాళ్ళు పలికేది వ్రోత్స్వాఫ్. 1945 దాకా ఇది జర్మనీ ఊరు, పేరు బ్రెస్లావు. ఈ మార్కెట్టు కూడా వాళ్ళు కట్టిందే, 1908లో పూర్తయింది, బయటి నుంచి చూస్తే ఎర్రిటుకల పాత భవనం, లోపలికి వెళ్తే పెద్ద పెద్ద కాంక్రీటు కమానులు, వాటి కింద బీట్‌రూట్, కాబేజీ, కట్టలు కట్టలుగా సోయికూర. యుద్ధం అయిపోయాక ఇక్కడి జర్మన్లని పంపించేశారు, తూర్పున సోవియట్ల చేతికి పోయిన ల్వీవ్ లాంటి ఊళ్ళ నుంచి పోలిష్ వాళ్ళు వచ్చి ఈ ఇళ్ళలో దిగారు. జనం మొత్తం మారారు, వీధుల పేర్లన్నీ మారాయి, కానీ ఈ కప్పు కింద లెక్క వేలల్లోకి వెళ్ళినప్పుడు అప్పుడు వినపడిన మాటా ఇప్పుడు వినపడే మాటా చుట్టాలే. అప్పుడు తౌజెంట్, ఇప్పుడు తిశొంత్స్.

ఇది నా బుర్రలో పుట్టిన సంగతి కాదు, ఇవాళ పోలిష్ క్లాసులో తేలింది. మా క్లాసు జరిగేది ఒక పాత స్కూల్లో. ఇలాంటి స్కూళ్ళని ఇక్కడ తిశొంత్స్‌లాత్కా అంటారు, "వెయ్యేళ్ళ బడి" అన్నమాట. మ్యేష్కో అనే రాజు 966లో క్రైస్తవం పుచ్చుకున్నాడు, పోలండ్ చరిత్రని అక్కడి నుంచే లెక్కపెడతారు. 1966కి వెయ్యేళ్ళు నిండుతాయి కదా, చర్చి దాన్ని మతం పండగలా చేద్దామనుకుంది, కమ్యూనిస్టు ప్రభుత్వం కాదు ఇది మా రాజ్యం పండగ అంది. ఆ పోటీలో 1958లో పార్టీ నాయకుడు గొమూల్కా "వెయ్యేళ్ళకి వెయ్యి బడులు" అని పిలుపిచ్చాడు. చివరికి వెయ్యికి మించే కట్టారు. అన్నీ ఒకే అచ్చు, పెట్టెలాంటి భవనం, వెడల్పాటి కిటికీలు, చలికాలంలో ఆ కిటికీల పక్కన కూర్చుంటే కోటు విప్పబుద్ధి కాదు.

టీచరమ్మ బోర్డు మీద డబ్బు లెక్కలు రాసింది. వెయ్యి జ్వోతీలు, రెండు వేల జ్వోతీలు, ఐదు వేల జ్వోతీలు. (జ్వోతి అంటే ఇక్కడి రూపాయి. మాటకి అర్థం "బంగారపుది", ఆ బంగారం ఏ బ్యాంకులో ఉందో మరి.) వెయ్యి పక్కన వచ్చే వస్తువు ఎప్పుడూ షష్ఠీ బహువచనంలోనే ఉండాలిట, అంటే వాళ్ళ లెక్కలో అది "వెయ్యి జ్వోతీలు" కాదు, "జ్వోతీల యొక్క వెయ్యి". ఐదు నుంచి వెయ్యి కూడా షష్ఠిలోకి పోతుంది, "జ్వోతీల యొక్క వేల యొక్క ఐదు". పదకొండు వేలు, పన్నెండు వేలు అదే దారి. ఇరవై రెండు వేల దగ్గర మళ్ళీ వెనక్కొచ్చి రెండు వేల రూపమే. పైగా "ఐదు వేల మంది వచ్చారు" అనాలంటే క్రియ బహువచనం కాదు, నపుంసక ఏకవచనం, "వచ్చింది" అన్నట్టు. మా క్లాసులో జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు, పెన్ను కింద పెట్టేసి "మా భాషలో తౌజెంట్ అంటే తౌజెంట్, ముందూ వెనకా ఏముంటే ఏంటి" అన్నాడు. పక్కనున్న ఉక్రెయిన్ అమ్మాయి నవ్వింది. వాళ్ళది తిస్యాచా, దాదాపు ఇదే వ్యాకరణం, కాకపోతే వాళ్ళ వెయ్యి స్త్రీలింగం, పోలిష్ వెయ్యి పుంలింగం, అందుకని ఆ పిల్ల "రెండు" అన్న మాటని ఆడరూపంలో పెట్టి తిట్లు తింటూ ఉంటుంది. అప్పుడు టీచరమ్మ బోర్డు మీద పక్కపక్కన రాసింది: తిశొంత్స్, తిస్యాచా, చెక్ వాళ్ళ తిసీత్స్, ఆ పక్కన తౌజెంట్, డచ్ వాళ్ళ డౌజెంట్, స్వీడిష్ టూసెన్, ఇంగ్లిష్ థౌజండ్. ఇవన్నీ ఒకటే మాట, రెండు భాషా కుటుంబాలకీ (పోలిష్, ఉక్రేనియన్, చెక్ ఉన్న స్లావిక్, జర్మన్, డచ్, ఇంగ్లిష్ ఉన్న జర్మనిక్) ఉమ్మడి, అని చెప్పేసి అద్దెల టాపిక్‌లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను, నాకు మాటల పుట్టుపూర్వోత్తరాలంటే పిచ్చి.

ఇంటికొచ్చి వంట పక్కన పెట్టి అదే చదువుతూ కూర్చున్నాను. వందకి ఈ కుటుంబాలన్నిటికీ ఒకే తాత ఉన్నాడు: సంస్కృతంలో శతం, లాటిన్‌లో కెంటుమ్, పోలిష్ స్తో, జర్మన్ హుండెర్ట్‌లో ఉన్న హుండ్, అన్నీ ఒక చెట్టు కొమ్మలే. వెయ్యి దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వారిది. లాటిన్ వాడు మిల్లె అన్నాడు, సంస్కృతంలో సహస్రం, పారశీకం హజార్ ఒక జట్టు, గ్రీకు ఖీలియోయి కూడా వాటికి దూరపు బంధువే అంటారు. జర్మనిక్, స్లావిక్, బాల్టిక్ ఈ ముగ్గురిదీ ఇంకో జట్టు. లిథువేనియాలో తూక్స్‌తాంతిస్. ఫిన్లండ్ వాళ్ళది అసలు వేరే కుటుంబం, వాళ్ళు కూడా ఈ బాల్టిక్ వైపు నుంచే తెచ్చుకుని తూహత్ అంటున్నారు. అంటే సంస్కృతం, లాటిన్, జర్మన్, పోలిష్ వీటన్నిటికీ తల్లయిన మూలభాష మాట్లాడినవాళ్ళకి అందరికీ ఒకటే అయిన వెయ్యి లేదన్నమాట. వందతో పని జరిగిపోయేదేమో.

ఈ జట్టు మాటకి ఎక్కువమంది చెప్పే అర్థం నాకు బాగా నచ్చింది: "ఉబ్బిన వంద". ముందు భాగం "తూ", లావెక్కడం, బలియడం. సంస్కృతంలో తవస్ అంటే బలమైన అని, అది కూడా ఇక్కడిదే. ఇంగ్లిష్‌లో బొటనవేలుకి చెప్పే థమ్ కూడా ఇందులోంచే, లావు వేలు కదా. వెనక భాగం వంద. బలిసిన వంద అంటే కచ్చితంగా పది వందలే అని ఎక్కడా లేదు చూశారా. పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) వాళ్ళు హుండ్రాడ్ అంటే వంద కాదు, నూట ఇరవై. అలాంటివి పది పెడితే వాళ్ళ థూసుండ్ పన్నెండు వందలు. అంటే ఈ మాట మొదట్లో "బోలెడు" అనే అర్థంతో ఉండి, తర్వాతెప్పుడో వ్యాపారాలు, సైన్యాలు, పన్నులు వచ్చాక ఒక అంకె దగ్గర కుదురుకుని ఉంటుందని నా నమ్మకం.

ఎవరు ఎవరికిచ్చారన్నది తెగని పంచాయితీ. ముగ్గురూ ఒకే తాత దగ్గర తెచ్చుకున్నారని కొందరు, జర్మనిక్ వాళ్ళ దగ్గర మిగతావాళ్ళు తీసుకున్నారని కొందరు. మొదటి హల్లు చూసి చెబుదామంటే కుదరదు, ఎందుకంటే జర్మనిక్ "థ"కి స్లావిక్‌లో "త" రావడం అన్నదమ్ముల పంపకంలోనూ జరుగుతుంది, అప్పు తెచ్చుకున్నా జరుగుతుంది. నాకు అనుమానం కలిగించింది మధ్యలో ఉన్న అచ్చు. పాత స్లావిక్ రాతల్లోనే ఇది రెండు రకాలుగా ఉంది, "ఎ" ముక్కుతో పలికే రూపం ఒకటి, "ఒ" ముక్కుతో పలికే రూపం ఒకటి. రష్యన్ తిస్యాచా మొదటిదాంట్లోంచి వచ్చింది, క్రొయేషియా వాళ్ళ తిసుచా రెండోదాంట్లోంచి. సొంతిల్లంతా ఒకే మాట వాడుకుంటూ మధ్య అచ్చు దగ్గర ఒప్పందం కుదరకపోవడం అంటే ఎక్కడో చేతులు మారిన వాసన వస్తోంది. పండితులు ఒప్పుకోకపోవచ్చు, ఇది నా డైరీ.

ఇది చదువుతుండగా అమ్మ ఫోన్. అక్కడ చీకటి పడింది, ఇక్కడ మధ్యాహ్నం అన్నం కూడా కాలేదు. పిన్ని కూతురి పెళ్ళి, చదివింపులు నా పేరు మీద ఎంత రాయించాలని. వెయ్యిన్నూట పదహార్లు రాయించు అన్నాను. "ఈ రోజుల్లో వెయ్యిన్నూట పదహార్లేం మర్యాదరా, విదేశంలో ఉద్యోగం చేస్తూ" అంది. ఐదు వేల నూట పదహార్ల దగ్గర ఒప్పందం కుదిరింది. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, మేమిద్దరం ఇప్పుడు మాట్లాడిన దాంట్లోనూ అదే వ్యాకరణం ఉంది. "వెయ్యి రూపాయలు" అంటాం, అక్కడ వెయ్యికి ఏ మార్పూ లేదు, పది రూపాయలు అన్నట్టే. రెండు నుంచి "వేలు" కాస్తా "వేల" అవుతుంది. పిల్లల బట్టలు, ఊళ్ళ పేర్లు అన్నట్టే వేల రూపాయలు. అది షష్ఠే కదా. మనం వెయ్యిని షష్ఠిలో పెట్టి రూపాయల్ని మామూలుగా వదిలేస్తాం, పోలిష్ వాళ్ళు రూపాయల్ని షష్ఠిలోకి తోస్తారు. ఇరవైకి, యాభైకి మనం ఇలా చెయ్యం. వందకీ వెయ్యికీ లక్షకీ చేస్తాం, అంటే అవి మనకి అంకెలు కావు, కుప్పలు. కుప్పలకి బహువచనం ఉంటుంది, విభక్తి ఉంటుంది.

ఇంకోటి కూడా. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాట ప్రకారం ద్రావిడ భాషల్లో వెయ్యికి సొంత పదం ఉన్నది తెలుగుకే. తమిళం ఆయిరం, కన్నడం సావిర రెండూ సంస్కృత సహస్రం అరిగి అరిగి అలా అయినవే. మనకి విష్ణు సహస్రనామం ఉన్నా హనుమకొండలో ఉన్నది వేయి స్తంభాల గుడే. ఈ సంగతి రేపు క్లాసులో చెబితే లైప్‌జిగ్ కుర్రాడు కళ్ళు తిప్పుతాడు, ఉక్రెయిన్ అమ్మాయి రాసుకుంటుంది.

సాయంత్రం దొరికిన ముక్క అన్నిటికంటే బాగుంది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిలుని గోతిక్ అనే పాత జర్మనిక్ భాషలోకి మార్చాడు. జర్మనిక్ భాషల్లో అంత పాతగా, అంత పెద్దగా మిగిలిన పుస్తకం ఇంకొకటి లేదు. ఊదారంగు తోలుకాగితం మీద వెండి సిరాతో రాసిన దాని ప్రతి ఇప్పుడు స్వీడన్‌లో ఉప్సాలాలో ఉంది. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్‌ని కొల్లగొట్టి పట్టుకుపోయింది. మార్కు సువార్త ఐదో అధ్యాయంలో దయ్యాలు పందుల్లో దూరితే ఆ మందంతా సముద్రంలో పడి చచ్చిపోతుంది, సుమారు రెండు వేల పందులు. గోతిక్‌లో "త్వోస్ థూసుంద్యోస్". వెయ్యి స్త్రీలింగ నామవాచకం, రెండు కూడా స్త్రీలింగంలో ఉంది, చక్కగా బహువచనం. తొమ్మిదో శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ సోదరులు మొదలుపెట్టిన స్లావిక్ అనువాదంలో అదే చోట "ద్వె తిసొంష్తి". అక్కడా స్త్రీలింగమే, పైగా ద్వివచనం, సంస్కృతంలోలాగా. ఐదు వందల ఏళ్ళ తేడాతో, ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు అనువాదకులు అవే పందుల్ని ఇంచుమించు అదే మాటతో లెక్కపెట్టారు. ఆ ద్వివచనం పోలిష్‌లో వేల దగ్గర పోయింది గానీ రెండు వందల దగ్గర ఇంకా గడ్డకట్టి ఉంది: మూడు వందలు ట్షిస్తా, రెండు వందలు మాత్రం ద్వ్యెశ్చె.

పాత ఇంగ్లిష్ కూడా ఇదే దారిలో ఉండేది. "థూసెండ్ మన్నా" అంటే మనుషుల యొక్క వెయ్యి, అచ్చం మా టీచరమ్మ బోర్డు మీద రాసినట్టే షష్ఠీ బహువచనం. తర్వాత విభక్తులన్నీ రాలిపోయాయి. ఇప్పుడు టూ థౌజండ్ పీపుల్, అంతే, తోక లేదు. అయినా "థౌజండ్స్ ఆఫ్ పీపుల్" అన్నప్పుడు మధ్యలో ఆ "ఆఫ్" వచ్చి కూర్చుంటుంది చూడండి, నామవాచకంగా బతికిన రోజులు ఇంకా మర్చిపోలేదు. జర్మన్ కూడా అంతే, తౌజెండె అని బహువచనం చేస్తే వెంటనే మళ్ళీ వ్యాకరణం మొదలవుతుంది. ఈ ముక్క ఆ లైప్‌జిగ్ కుర్రాడికి చెప్పి తీరాలి.

దక్షిణాన ఉన్న స్లావ్‌లది వేరే గొడవ. బల్గేరియా, సెర్బియా వాళ్ళు ఈ మాట వదిలేసి గ్రీకు దగ్గర తెచ్చుకున్న హిల్యాద, హిల్యడ అంటారు. క్రొయేషియా వాళ్ళు తిసుచా అంటారు. జాగ్రెబ్‌లో రాసేటప్పుడు హిల్యడ అని రాస్తే ఎటువైపు మనిషో అని చూస్తారట. వెయ్యి అనే అంకెతో కూడా పార్టీ తెలిసిపోతుందన్నమాట. మనకి ఆంధ్రా తెలంగాణాల్లో కూరల పేర్లతో జరిగేది అక్కడ అంకెలతో జరుగుతోంది.

రాత్రి హోంవర్కు మిగిలింది. సంవత్సరాలు మాటల్లో రాయాలి. ఇందులో ఒక మెలిక ఉంది, 2000వ సంవత్సరానికి "ద్వుతిశెంచ్ని" అని ఒక ప్రత్యేక రూపం, 2001 నుంచి అది చెల్లదు, మళ్ళీ "ద్వా తిశొంత్సె" అని మామూలు రెండు వేలు పెట్టి చివరి రెండు స్థానాలకే క్రమసంఖ్య రూపం ఇవ్వాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా దీన్ని తప్పుగానే పలుకుతారు, టీవీల్లో కూడా వినపడుతుంది, మా టీచరమ్మ పళ్ళు కొరుకుతుంది. జాబితాలో నా పుట్టిన సంవత్సరం, ఇక్కడికి వచ్చిన సంవత్సరం, 1945, 2000, 2004, 966 ఉన్నాయి. ముందుగా 966 రాసేశాను. అందులో తిశొంత్స్ రాదు.