ఇంగ్లిష్ రాకపోయినా ప్యాకెట్ చదవడం: నా అనుభవం

తిరుపతిలో ఏ అంగట్లో ప్యాకెట్ తీసుకున్నా వెనకాల ఇంగ్లిషే ఉంటుంది, లేదంటే హిందీ. నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లిష్‌లోనో దేవనాగరి లిపి హిందీలోనో ఉంటే చాలు. తెలుగు వేయడం, వేయకపోవడం కంపెనీ ఇష్టం. మా అత్తమ్మకు షుగరు, మామకు బీపీ. ఇద్దరికీ తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు, సరుకులు తెచ్చేది మాత్రం వాళ్లే. అందుకని అంకెలు, గుర్తులు, ఓ పది ఇంగ్లిష్ మాటల ఆకారాలతో ప్యాకెట్ చదివే పద్ధతి ఒకటి మా ఇంట్లో అలవాటు చేశాను.

ముందువైపు రాసినవేవీ పట్టించుకోవద్దని మొదటే చెప్పాను. ప్యాకెట్ తిప్పితే పోషక విలువల పట్టిక ఉంటుంది. అందులో 100 అనే అంకె ఉన్న నిలువు వరుస ఒక్కటే చూడాలి. పక్కనే ‘ఒక సర్వింగ్‌కు’ (అంటే ఒకసారి తినే మోతాదుకు) అని ఇంకో వరుస ఉంటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. బిస్కెట్ల సర్వింగ్‌ను రెండు మూడు బిస్కెట్లకు లెక్కగడితే చక్కెర అంకె చిన్నదిగా కనిపిస్తుంది. రెండు కంపెనీల బిస్కెట్లను పోల్చాలంటే 100 గ్రాముల లెక్కే పనికొస్తుంది.

సోడియం వరుస చాలా ప్యాకెట్లలో పట్టిక అడుగున ఉంటుంది, పక్కన మిల్లీగ్రాముల గుర్తు ఉంటుంది. దాని పైనుండే కొలెస్ట్రాల్‌కు కూడా అదే గుర్తు కాబట్టి మాట ఆకారం కూడా సరిచూసుకోవాలి. సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాముల సోడియం అని ఉందనుకోండి. ప్యాకెట్ మొత్తానికి 700 మిల్లీగ్రాములు, అంటే ఉప్పు 1.75 గ్రాములు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి లేబుళ్లు లెక్కగట్టే హద్దు 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. మామ సాయంత్రం నూడుల్స్ తింటే మూడో వంతు అక్కడే అయిపోతుంది. ఇక ఊరగాయ, అప్పడం సంగతి చెప్పక్కర్లేదు.

చక్కెరకు పట్టికలో రెండు వరుసలుంటాయి. ఒకటి మొత్తం చక్కెరలు, రెండోది విడిగా కలిపిన చక్కెర. రెండోదానికి రోజు లెక్క 50 గ్రాములు. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క. షుగరు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పిందే హద్దు.

పదార్థాల జాబితాలో నాకు అన్నిటికన్నా ముఖ్యం వరస. ఏది బరువులో ఎక్కువుంటే అది ముందు రాయాలి. రాగి సంగటి తిని పెరిగిన మనకు ‘రాగి బిస్కెట్’ అనగానే నమ్మకం కలుగుతుంది. జాబితా చూస్తే కొన్నిట్లో మొదటి పేరు మైదా, తర్వాత చక్కెర, పామోలిన్. రాగిపిండి ఆ తర్వాతెక్కడో ఉంటుంది. పేరులోగానీ బొమ్మలోగానీ గొప్పగా చూపించిన పదార్థం శాతాన్ని జాబితాలో చెప్పి తీరాలి. కాబట్టి రాగి పక్కనున్న శాతం అంకె వెతికితే సరిపోతుంది. మామిడి డ్రింకులదీ అదే కథ. మన చిత్తూరు తోతాపురి గుజ్జు ఎన్నో సీసాల్లోకి వెళ్తుంది, కానీ సీసాలో గుజ్జెంతో ఆ శాతం చూస్తేనే తెలుస్తుంది. జాబితాలో నీళ్లు, చక్కెర దానికి ముందున్నాయంటే అది చక్కెర నీళ్లే.

చక్కెరను ముక్కలు చేసి రాయడం మరో సమస్య. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని నాలుగు పేర్లు వేరువేరుగా వస్తే ఒక్కోటీ జాబితాలో కిందికి జారుతుంది. నాలుగూ కలిపితే మైదానే మించొచ్చు. ఈ పేర్లన్నీ పెద్ద ఇంగ్లిష్ అక్షరాలతో ఒక అట్టముక్క మీద రాసి అత్తమ్మ సంచిలో పెట్టాను. చదవక్కర్లేదు, ఆకారం కలిస్తే చాలు. ఫోన్ కెమెరాతో తెలుగులోకి మార్చుకోవచ్చు కానీ మెరిసే కవర్ మీద ఫ్లాష్ వేస్తే అక్షరాలు పోతాయి. కవర్ ముడతలు లాగిపట్టి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి, ఆ ఫోటోను మార్చాలి.

రంగులు, నిల్వ ఉంచే మందుల్లాంటి కలుపుడు పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబర్లు, అంటే ఐఎన్‌ఎస్ అంకెలు, జాబితాలో ఉంటాయి. వాటికి భాషతో పని లేదు. 621 అజినోమోటో, 211 సోడియం బెంజోయేట్, 330 సిట్రిక్ యాసిడ్. 120 పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. 471 (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపేది) మాత్రం మొక్కల కొవ్వుతోనూ జంతువుల కొవ్వుతోనూ చేయొచ్చు కాబట్టి అంకె చూసి తేల్చలేం, శాకాహారమో మాంసాహారమో చెప్పే గుర్తే చూడాలి. చదరంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమ రంగు చుక్క ఉండేది. రంగుల తేడా తెలియనివాళ్లకు ఇబ్బంది కావడంతో 2020 నిబంధనల్లో దాన్ని త్రికోణం చేశారు. గుడ్డు ఉన్నా త్రికోణమే. పాలు, తేనె ఉంటే పచ్చ చుక్కే.

పాల ప్యాకెట్ రంగు కంపెనీని బట్టి మారుతుంది, అది నమ్మొద్దు. కొవ్వు శాతం చూడాలి: 1.5 డబుల్ టోన్డ్, 3 టోన్డ్, 4.5 స్టాండర్డైజ్డ్, 6 ఫుల్ క్రీమ్.

ఊళ్లో తయారైన పచ్చళ్లు, పొడుల కవర్ మీద ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉందో లేదో చూస్తాను. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తేదీ అచ్చు తడిచేత్తో రుద్దితే చెరిగిపోయే రకమైతే కవర్ అతుకు దగ్గర కూడా వెతకాలి.

మా వైపు కువైట్ నుంచి వచ్చే పాలపొడి డబ్బాలు, బిస్కెట్లు చాలా ఇళ్లలో ఉంటాయి. తేదీ అరబిక్ అంకెల్లో ఉంటే తికమక తప్పదు. వాళ్ల సున్నా ఒక చుక్క. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది వాళ్ల 5. మన 7లా ఉండేది వాళ్ల 6. నాలుగంకెలు ఉన్న ముక్క సంవత్సరం, దాన్ని ముందు పట్టుకోవాలి. తేదీలు రెండుంటే వాటిలో పాత తేదీ తయారీది, తర్వాత వచ్చే తేదీ గడువుది. పిల్లల పాలపొడి అయితే రెండు తేదీలూ తేలేదాకా మూత తీయనివ్వను.